వీసా

వీసాకీ మన వీసానికీ చుట్టరికం లేదు. వీసం పదహారో వంతు. వీసా లాటిన్ మాట, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. లాటిన్‌లో ‘కార్టా వీసా’ అంటే చూసిన కాగితం, అంటే అధికారి పరిశీలించిన పత్రం. చూడటాన్ని చెప్పే ఆ లాటిన్ ధాతువుకూ, వేదం, విద్య మాటల్లోని ‘విద్’ ధాతువుకూ మూలం ఒకటే.

తెలుగులో వీసా ‘వస్తుంది’, ‘పడుతుంది’, ‘కొడతారు’. చివరి రెండూ ముద్ర వేసే రోజుల వాడుక. అమెరికా పౌరుణ్ణి పెళ్లాడిన అమ్మాయికి మాత్రం పరిశీలన అనే పాత అర్థమే ఎదురవుతుంది. ముందు భర్త ఐ-130 పిటిషన్ వేయాలి. అది ఆమోదం పొందాక డీఎస్-260 దరఖాస్తు, భర్త ఆదాయ హామీ, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష. ఇంటర్వ్యూకి సాధారణంగా ముంబయి వెళ్లాలి. అక్కడ అధికారి చూసేది కాగితాల్నే కాదు, ఆ పెళ్లి నిజమా కాదా అన్నది కూడా. నిజమైన కాపురానికి ఇంత పరీక్ష కష్టమే, అయినా దాచకుండా, తడబడకుండా ఉన్నది చెప్పడమే మేలు.

అమెరికాలో అడుగుపెట్టేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, ఇచ్చేది రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డే. దాని గడువుకు ముందరి 90 రోజుల్లో, షరతు తొలగించమని ఐ-751 పిటిషన్ వేయాలి. ఆ తేదీ ఇద్దరూ రాసిపెట్టుకోండి.