బాకీ ఎవరిది? ఆఫీసు ఇంగ్లీషు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాయడానికి నా దగ్గర ఏముందని సందేహించాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యే వరకు నేను చేసిన పని ఒక్కటే. ఒకరి అవసరాన్ని ఇంగ్లీషులో డ్రాఫ్టు చేసి పుటప్ చేయడం. కనుక ఆ ఇంగ్లీషు చరిత్రే నాకు తెలిసినంతలో రాస్తున్నాను. సోదర పెన్షనర్లలో చాలామందికి ఇందులో తమ సీటు, తమ ఫైళ్లు కనబడతాయని నా నమ్మకం.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1979లో మా ఆఫీసు అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే కాలం చేశాడు. పెన్షన్ కాగితాలు తయారుచేసింది నేను. ప్రభుత్వం ఆయనకు కొంత జీతం బకాయి ఇవ్వవలసి ఉంది. ఆ సంగతి తెలియజేస్తూ, 'ద డ్యూస్ ఆఫ్ ద డిసీజ్డ్ ఆర్ నాట్ యెట్ క్లియర్డ్' అని రాశాను. 'ఆయన బకాయిలు ఇంకా చెల్లించలేదు' అన్న తెలుగు వాక్యం నా మనసులో ఉంది. దాన్నే ఇంగ్లీషులోకి దించాను. ఫెయిర్ కాపీ అయింది, సంతకమైంది, డిస్పాచ్ అయింది.

పై కార్యాలయం వారు దాన్ని మరోలా చదువుకున్నారు. చనిపోయిన మనిషి ప్రభుత్వానికి బాకీ ఉన్నాడనుకుని గ్రాట్యుటీ ఆపేశారు. ఆ బాకీ ఎంత, ఎలా రాబడతారు అని ప్రశ్న వేశారు. నేను అదే ధోరణిలో ఇంకా పొడుగ్గా జవాబు రాశాను. నాలుగు నెలలు గడిచాయి.

ఒకరోజు ఆయన భార్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, నా బల్ల ముందు నిలబడి అడిగింది: "మా ఆయన ఎవరి దగ్గరా రూపాయి ఉంచుకుని ఎరగడు బాబుగారూ. సర్కారుకు బాకీపడి పోయాడని రాశారంట, నిజమేనా?" ఆమె డబ్బు గురించి అడగలేదు. ఆయన పరువు గురించి అడిగింది. నాకు నోట మాట రాలేదు.

కొత్తగా బదిలీ మీద వచ్చిన సూపరింటెండెంటుగారు ఫైలు తెప్పించుకున్నారు. "బాకీ ఎవరు ఎవరికయ్యా?" అన్నారు. చెప్పాను. "మరి ఆ ముక్క కాగితం మీద ఏదీ?" అని, నా పేజీ కొట్టేసి రెండు వాక్యాలు రాశారు. 'నో డ్యూస్ ఆర్ అవుట్‌స్టాండింగ్ అగెనెస్ట్ హిమ్.' 'ఎరియర్స్ ఆఫ్ పే ఆర్ డ్యూ టు హిమ్.' అంతే. 'డ్యూ ఫ్రమ్' అంటే ఆయన ఇవ్వవలసినది, 'డ్యూ టు' అంటే ఆయనకు రావలసినది. ఆ తర్వాత మంజూరుకు ఆటంకం రాలేదు. ఒక చిన్న మాట ఏ మాట పక్కన నిలబడిందన్న దానిమీద ఒక కుటుంబం నాలుగు నెలల తిండి ఆధారపడి ఉందన్నమాట.

దఫ్తరు భాష పుట్టుక

మనకీ ఇంగ్లీషు ఎక్కడినుంచి వచ్చింది? ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాల్లో అన్నిటికంటే కింది మెట్టుకు 'రైటర్' అని పేరు. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్‌కు ఆ పేరు వారివల్లే వచ్చింది. అంటే ఆ పాలన మొదటి మెట్టే రాతగాడు. 1766లో నిజాంతో కుదిరిన ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. 1835లో మెకాలే తన ప్రసిద్ధమైన నివేదిక రాశాడు. 1837లో పారసీని తప్పించడానికి చట్టం వచ్చింది. ఆపైన పెద్ద కచేరీలలో ఇంగ్లీషు, కిందిస్థాయిలో దేశభాషలు స్థిరపడ్డాయి. నిజాం రాజ్యంలో మాత్రం 1948 వరకు ఉర్దూయే దఫ్తరు భాషగా ఉండేది. అక్కడి మన పెద్దలు సర్వీసు మధ్యలో ఇంగ్లీషుకు మారవలసి వచ్చింది.

గమనించవలసిందేమంటే, మనవాళ్లకు ఇంగ్లీషు ఇంట్లోనో వీధిలోనో చెవినపడి వచ్చింది కాదు. పాత ఫైళ్లనుంచి వచ్చింది. ప్రిసిడెంట్ ఫైలు తెరవడం, పేరూ తేదీ మార్చడం, అదే వాక్యం దించడం. మద్రాసు ప్రెసిడెన్సీనుంచి మనకు సంక్రమించిన టాటన్‌హామ్ పద్ధతి తపాలా నమోదును, పర్సనల్ రిజిస్టరును, ఆర్.డిస్. ఫైలును శాశ్వతంగా భద్రపరచడాన్ని చక్కగా నేర్పింది. వాక్యం మాత్రం పాత వాక్యాన్ని చూసే నేర్చుకున్నాం. అందుకే 'డూ ద నీడ్‌ఫుల్' అనే మాట పుట్టినచోట మూలపడ్డా మన ఉత్తరాల్లో హాయిగా బతికింది. 'రిటర్న్ బ్యాక్', 'డిస్కస్ అబౌట్', 'ద సేమ్ మే కైండ్లీ బి' అనేవి దానికి తోడయ్యాయి.

అయితే పాతమాటలన్నీ పనికిరానివని నేననను. 'ఐ యామ్ డైరెక్టెడ్ టు' అన్నదాన్ని చూసి చాలామంది నవ్వుతారు. కాని ఆ నిర్ణయం సంతకం పెట్టినవాడిది కాదు, ప్రభుత్వానిది అని ఆ మూడు నాలుగు మాటలే చెబుతాయి. పని ఉన్న మాటను ఉంచాలి, పని లేనిదాన్ని కొట్టేయాలి.

మాటల జతలు

మనం కల కంటాం, ఒట్టు వేస్తాం, బాకీ తీరుస్తాం, జడ వేస్తాం. వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది. 'ఎండ కురుస్తోంది' అని ఎవరైనా అంటే అర్థమవుతుంది గాని నవ్వొస్తుంది. ఏ మాటకు ఏది జతో మనకు ఏ పంతులుగారూ నేర్పలేదు. అమ్మ మాట్లాడుతుంటే వచ్చేసింది. ఇంగ్లీషుకూ ఇలాంటి జతలే ఉన్నాయి. టీ 'స్ట్రాంగ్', వాన 'హెవీ'. తప్పును 'మేక్' చేస్తారు, హోంవర్కును 'డూ' చేస్తారు. తెలుగులో సిగరెట్టూ కాఫీ రెండూ తాగుతాం కనుక, కొత్తలో 'డ్రింక్ సిగరెట్' అన్నవాళ్లు మనలో లేకపోలేదు.

ఈ జతల సంగతి శాస్త్రంగా పట్టించుకున్నవారిలో హెరాల్డ్ పామర్ ముఖ్యుడు. జపాన్‌లో ఇంగ్లీషు బోధన మీద పనిచేస్తూ, 1933లో ఆయన ఇలాంటి జతల మీద ఒక నివేదిక వెలువరించారు. విడి మాటలు ఎన్ని వచ్చినా చాలదు, కలిసి తిరిగే మాటలను కలిపే నేర్చుకోవాలన్నది అందులోని సారం. ఆయనతో పనిచేసిన హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో, యుద్ధం నడుస్తుండగా, టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు మళ్లీ ప్రచురించారు. మన పిల్లల బల్లల మీద కనిపించే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే.

ఇంకొకరు జె.ఆర్. ఫర్త్. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో 1919 నుంచి 1928 వరకు ఇంగ్లీషు ఆచార్యులుగా ఉన్నారు. 1937లో మళ్లీ ఈ దేశానికి వచ్చి గుజరాతీతోపాటు మన తెలుగునూ పరిశీలించారు. మాట సంగతి అది తిరిగే స్నేహాన్నిబట్టి తెలుస్తుందన్నది ఆయన సిద్ధాంతం. మనిషి విషయంలో మన పెద్దలు చెప్పేదీ అదే కదా!

ఒక ఉద్యోగి చేసిన మేలు

ఇక మనవంటి ఉద్యోగులకు దగ్గరివాడు సర్ ఎర్నెస్ట్ గోవర్స్. ఆయన పండితుడుగా పేరుపడ్డవాడు కాదు, బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి. ఆఫీసు ఉత్తరాలు ప్రజలకు అర్థం కావడం లేదని అక్కడి ఖజానా శాఖ అడగ్గా, 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' అనే చిన్న పుస్తకం రాశారు. 1954లో దాన్ని పెంచి 'ద కంప్లీట్ ప్లెయిన్ వర్డ్స్'గా తెచ్చారు. ఉత్తరం అందుకునేవాడి స్థానంలో నిలబడి రాయమన్నదే ఆయన మొత్తుకోలు. ఆ పుస్తకాన్ని 2014లో ఆయన మునిమనవరాలు రెబెకా గోవర్స్ సవరించి మళ్లీ తెచ్చారు. ముత్తాత రాసిన ఆఫీసు పుస్తకాన్ని మునిమనవరాలు దిద్దడం మనలాంటివాళ్లకు ముచ్చట కలిగించే సంగతి.

మన హైదరాబాదులో 1958లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలూ చేరి సీఫెల్ అయింది. 2007లో విశ్వవిద్యాలయమైంది. 1966లో తెలుగుకు అధికార భాషా చట్టం వచ్చింది. దాని అమలు ఏ మేరకు జరిగిందో మన ఫైళ్లకే తెలుసు. ఇంత దగ్గరలో ఇంత ఉన్నా, నేను మాత్రం నేర్చుకున్నది ఆ సూపరింటెండెంటుగారి ఎర్రసిరా దగ్గరే.

చివరగా సభ్యులకు, వారి పిల్లలకు ఒక మనవి. ఎరియర్స్ కోసమో, ఫ్యామిలీ పెన్షన్ కోసమో ఇంగ్లీషులో అర్జీ రాయవలసి వస్తే నాలుగు సంగతులు చూసుకోండి. ఎవరు ఎవరికి ఇవ్వాలి, ఎంత, ఏ తేదీనుంచి, ఏ ఉత్తర్వు ప్రకారం. పెద్దమాటలు వెతక్కండి. ఒక మాట పక్కన ఏ మాట రావాలో అనుమానమొస్తే నిఘంటువు తీయండి, లేదా మనవడినో మనవరాలినో అడగండి. నామోషీ ఏమీ లేదు. రాసినదాన్ని ఆ విషయం ఏమీ తెలియని మనిషికి ఒకసారి చదివి వినిపించండి. వారు "బాకీ ఎవరిది?" అని అడిగారంటే, కాగితం ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

ఆ అటెండరుగారి భార్య గ్రాట్యుటీ అందుకున్న రోజున నాకు చెప్పడానికే ఆఫీసుకు వచ్చింది. "ఆయనకు బాకీ లేదని రాశారంట, అది చాలు బాబుగారూ" అంది. నా సర్వీసులో నేను అందుకున్న మెమోలన్నీ మరిచిపోయాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.