స్ప్రెడ్‌షీట్‌లో దాచిన షీట్లు

దాచిన షీటు అనగా స్ప్రెడ్‌షీట్ ఫైలులో ఉండి కూడా, తెర అడుగు భాగాన ఉండే షీట్ల పేర్ల వరుసలో కనిపించని షీటు. షీటును దాచుట వేరు, తొలగించుట వేరు. తొలగించిన షీటులోని సమాచారం ఫైలు నుండి పోతుంది. దాచిన షీటులోని అంకెలు, సూత్రాలు మాత్రం యథాతథంగా ఉండి, ఇతర షీట్లలోని లెక్కలకు ఆధారంగా పనిచేస్తూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ వంటి అన్ని ప్రధాన ప్రోగ్రాములలోను ఈ సౌకర్యం ఉన్నది.

చరిత్ర

మొదటి ప్రసిద్ధ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము విసికాల్క్ 1979లో విడుదలైనది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింతోష్ కంప్యూటర్లపై ఎక్సెల్ వచ్చాయి. తొలి ఎక్సెల్‌లో ఒక ఫైలుకు ఒకే షీటు ఉండేది. 1993లో వచ్చిన ఎక్సెల్ 5.0తో ఒకే ఫైలులో అనేక షీట్లు గల "వర్క్‌బుక్" పద్ధతి, విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండూ ప్రవేశించాయి. షీట్ల సంఖ్య పెరగడంతో అవసరం లేనివాటిని కంటికి కనబడకుండా ఉంచే సౌకర్యానికి ప్రాధాన్యం పెరిగింది.

మూడు స్థితులు

ఎక్సెల్‌లో ప్రతి షీటుకు "విజిబుల్" అనే లక్షణం ఉంటుంది. దాని విలువను బట్టి షీటు మూడు స్థితులలో ఒకదానిలో ఉంటుంది.

* కనిపించే షీటు: విలువ -1. పేరు వరుసలో ఉంటుంది.
* దాచిన షీటు: విలువ 0. వరుసలో ఉండదు, కాని "అన్‌హైడ్" జాబితాలో ఉంటుంది.
* పూర్తిగా దాచిన షీటు: విలువ 2. "అన్‌హైడ్" జాబితాలో కూడా ఉండదు. విజువల్ బేసిక్ ఎడిటర్ ద్వారా మాత్రమే ఈ స్థితిని మార్చవచ్చును.

ఒక వర్క్‌బుక్‌లో కనీసం ఒక షీటైనా కనిపిస్తూ ఉండాలి. అన్నింటినీ ఒకేసారి దాచుటకు ఎక్సెల్ అంగీకరించదు.

ఉదాహరణ: శ్రీకాకుళం జిల్లా మండలాలు

దాచిన షీటు లెక్కలను ఎలా ప్రభావితం చేస్తుందో జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఉదాహరణగా గ్రహించవచ్చును. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలు, విజయనగరం జిల్లాలో 34 మండలాలు ఉండేవి. ఆ రోజున శ్రీకాకుళం జిల్లా నుండి పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాకు మారాయి. విజయనగరం నుండి 11 మండలాలు మన్యం జిల్లాకు వెళ్ళాయి. ఫలితంగా శ్రీకాకుళంలో 30, విజయనగరంలో 27, పార్వతీపురం మన్యంలో 15 మండలాలు ఉన్నాయి.

పాత శ్రీకాకుళం జిల్లాకు మండలానికి ఒక షీటు చొప్పున 38 షీట్లతో, అక్షర క్రమంలో ఒక వర్క్‌బుక్ ఉన్నదనుకొందాం. చివరి మొత్తం "ఆమదాలవలస" షీటు నుండి "హిరమండలం" షీటు వరకు ఒకే గడిని కూడే సూత్రంతో వస్తుంది. జిల్లాలు మారిన తరువాత ఎవరో ఆ 8 షీట్లను దాచినారనుకొందాం. ఇప్పుడు కనిపించేవి 30 షీట్లే, కాని మొత్తం మాత్రం 38 మండలాలది. షీట్ల శ్రేణిని కూడే సూత్రం ఆ రెండింటి నడుమ ఉన్న దాచిన షీట్లను కూడా కలుపుకొనుటయే దీనికి కారణం. చూచేవారు 30 షీట్లను చేతితో కూడి, మొత్తం తప్పని భావించవచ్చును. లేదా తప్పని తెలియకనే పాత మొత్తాన్ని కొత్త జిల్లా మొత్తంగా రాసుకొనే ప్రమాదం ఉన్నది.

దీనికి సరియైన పరిష్కారం ఆ 8 షీట్లను బయటకు తీసి, "హిరమండలం" షీటు తరువాతకు జరిపి, కావలసినచో మరల దాచుట. అప్పుడు అవి శ్రేణి వెలుపల ఉంటాయి కనుక మొత్తంలో చేరవు. పాత సమాచారం కూడా పోదు. షీట్లను తొలగించినచో, వాటిని నేరుగా పేర్కొన్న ఇతర సూత్రాలన్నీ "రెఫ్" అనే దోషాన్ని చూపుతాయి. పైగా ఎక్సెల్‌లో షీటు తొలగింపును "అన్‌డూ" ద్వారా వెనుకకు తీసుకొనుట సాధ్యం కాదు.

దాచిన షీట్లను కనుగొనుట

* షీట్ల పేర్లలో దేనిపైనైనా రైట్ క్లిక్ చేయవలెను. మెనూలో "అన్‌హైడ్" స్పష్టంగా కనిపిస్తే దాచిన షీటు కనీసం ఒకటి ఉన్నట్లు. మసకగా ఉంటే సాధారణంగా దాచిన షీట్లు లేవని, లేదా వర్క్‌బుక్ నిర్మాణానికి రక్షణ పెట్టారని అర్థం.
* ఎక్సెల్ 2013 నుండి ఉన్న "షీట్స్" అనే ఫంక్షన్‌ను ఖాళీ గడిలో సమాన గుర్తుతో, ఖాళీ కుండలీకరణాలతో రాస్తే ఫైలులోని మొత్తం షీట్ల సంఖ్య వస్తుంది. పూర్తిగా దాచినవి కూడా ఇందులో చేరుతాయి. పై ఉదాహరణలో కనిపించేవి 30 అయి, ఫంక్షన్ 38 అని చూపితే మిగిలిన 8 దాగి ఉన్నట్లే.
* ఎక్సెల్ 2007 నుండి వాడుకలో ఉన్న కొత్త ఫైలు రూపం నిజానికి ఒక జిప్ పొట్లం. ఫైలుకు నకలు తీసి, పేరు చివరి భాగాన్ని జిప్‌గా మార్చి తెరిస్తే, లోపల వర్క్‌బుక్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో అన్ని షీట్ల పేర్లు, వాటి స్థితి రాసి ఉంటాయి. తెరచుటకే సంకేతపదం పెట్టిన ఫైలు ఈ విధంగా తెరచుకోదు.

తిరిగి కనిపించేలా చేయుట

ఎక్సెల్ 2003, అంతకు ముందరి రూపాలలో "ఫార్మాట్" మెనూలోని "షీట్", అందులో "అన్‌హైడ్" ఎంచుకోవలెను. ఎక్సెల్ 2007 నుండి షీటు పేరుపై రైట్ క్లిక్ చేసి "అన్‌హైడ్" నొక్కి, జాబితా నుండి షీటును ఎంచుకోవలెను. పాత రూపాలలో ఒక్కొక్క షీటునే బయటకు తీయగలము. మైక్రోసాఫ్ట్ 365లో కంట్రోల్ మీట నొక్కి ఉంచి అనేక షీట్లను ఒకేసారి ఎంచుకోవచ్చును.

పూర్తిగా దాచిన షీటుకు ఆల్ట్, ఎఫ్11 మీటలతో విజువల్ బేసిక్ ఎడిటర్‌ను తెరవవలెను. ఎడమ వైపు జాబితాలో షీటును ఎంచుకొని, ఎఫ్4 నొక్కి, "విజిబుల్" లక్షణం విలువను -1గా మార్చవలెను. వర్క్‌బుక్ నిర్మాణానికి రక్షణ ఉన్నచో ఈ మార్పు కూడా సాగదు. ముందుగా "రివ్యూ" పట్టీలోని "ప్రొటెక్ట్ వర్క్‌బుక్" ద్వారా రక్షణ తీయవలెను. సంకేతపదం ఉంటే దానిని ఇవ్వవలెను.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లో "షీట్" మెనూలోని "షో షీట్" ఇందుకు ఉపయోగపడుతుంది. గూగుల్ షీట్స్‌లో "వ్యూ" మెనూలోని "హిడెన్ షీట్స్" జాబితా నుండి షీటును ఎంచుకోవలెను.

షీట్లు కనిపించకపోవుటకు ఇతర కారణాలు

అడుగున ఒక్క పేరు కూడా కనిపించనిచో అది షీట్లు దాచినందువలన కాదు. ఎక్సెల్ ఐచ్ఛికాలలో "అడ్వాన్స్‌డ్" విభాగాన "షో షీట్ ట్యాబ్స్" గుర్తు తీసివేసి ఉండవచ్చును. ఫైలు తెరిచినా కిటికీయే కనిపించనిచో, మొత్తం వర్క్‌బుక్‌ను దాచి ఉండవచ్చును. "వ్యూ" పట్టీలోని "అన్‌హైడ్" దీనిని బయటకు తెస్తుంది.

భద్రత

దాచుట అనేది భద్రతా పద్ధతి కాదు. ఫైలు చేరినవారు ఎవరైనా పై పద్ధతులతో షీటును చూడగలరు. గూగుల్ షీట్స్‌లో చూచే అనుమతి మాత్రమే ఉన్నవారు కూడా నకలు తీసుకొనే వీలుంటే దాచిన సమాచారాన్ని చూడవచ్చును.

2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా పంపిన స్ప్రెడ్‌షీట్‌లో దాచిన షీటు ఒకటి మిగిలిపోయింది. అందులో 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే ప్రదేశాలు ఉన్నాయి. ఆ ఫైలు అంతర్జాలంలో రెండు గంటలకు పైగా అందరికీ అందుబాటులో ఉన్నది. సాయుధ ముఠాల బెదిరింపులు ఎదుర్కొనే సిబ్బందికి ఇది ప్రాణభయాన్ని కలిగించింది. 2024లో బ్రిటన్ సమాచార కమిషనర్ ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా విధించాడు.

భారతదేశంలో సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో కోరవచ్చును కనుక ఇటువంటి జాగ్రత్త ఇక్కడి కార్యాలయాలకు కూడా అవసరం. ఫైలు ఇతరులకు పంపే ముందు, ఎక్సెల్ 2007 నుండి ఉన్న "డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్"తో తనిఖీ చేయవచ్చును. అంతకంటె మేలైన పద్ధతి, అవసరమైన విలువలను మాత్రమే కొత్త ఫైలులోకి నకలు చేసి ఆ ఫైలును పంపుట.

ఇవి కూడా చూడండి

* మైక్రోసాఫ్ట్ ఎక్సెల్
* లిబ్రేఆఫీస్
* సమాచార హక్కు చట్టం
* పార్వతీపురం మన్యం జిల్లా