వ్యాపార వెబ్‌సైటు: స్థాపన, భద్రత

వ్యాపారసంస్థ తన సరకులను, సేవలను అంతర్జాలమూలమున జనులకు ఎఱుకపఱచి, బేరములను రొక్కమును స్వీకరించుటకై నెలకొల్పుకొను పుటల సముదాయము వ్యాపార వెబ్‌సైటు. నూతనముగా దీనిని స్థాపించువారు రంగులయందును చిత్రములయందును చూపు శ్రద్ధలో నాలవవంతైనను, దాని పేరును పాస్‌వర్డులును ఎవరి చేతిలో నుండవలెనను విషయమున చూపకుండుట విచారకరము. ఏలయన, చెడిన సైటును తిరిగి కట్టుకొనవచ్చును గాని, చేజాఱిన పేరును రాబట్టుట దుస్సాధ్యము.

అంతర్జాలమందలి యంత్రములు ఒండొంటిని అంకెలతో గుర్తించును. మనుష్యులు జ్ఞప్తియందుంచుకొనగల డొమైను పేర్లను ఆ అంకెలకు జోడించు డీఎన్‌ఎస్ వ్యవస్థను పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించెను. ఆ పేర్ల పాలనను 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ సమన్వయించుచుండగా, భారతదేశమునకు చెందిన ‘డాట్ ఇన్’ పేర్లను, తెలుగు లిపిలోని ‘డాట్ భారత్’ పేర్లను సైతము నిక్సీ సంస్థ పర్యవేక్షించుచున్నది. డొమైను పేరు శాశ్వతముగా కొనబడునది కాదు; సాధారణముగా ఒక సంవత్సరము మొదలు పది సంవత్సరములవఱకు గడువునకు నమోదగును; గడువు దాటిన పిమ్మట కొంతకాలము మాత్రమే పూర్వస్వామికి హక్కు నిలిచి, ఆపై ఎవ్వరైనను దానిని గ్రహింపవచ్చును. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు అంతటి సంస్థయే ‘పాస్‌పోర్ట్ డాట్ కామ్’ అను తన పేరునకు రుసుము చెల్లింప మఱచుటచే హాట్‌మెయిల్ వాడుకరులనేకులు తమ ఉత్తరములను తెఱవలేకపోగా, సంస్థతో సంబంధములేని యొక ప్రోగ్రామరు 35 డాలర్లు తానే చెల్లించెను. కావున పేరును సైటు తయారుచేయు డిజైనరు పేరిట గాక యజమాని పేరిటనే నమోదు చేయింపవలెను. అట్లు కానిచో, వారిరువురకు మనస్పర్థ పొడసూపిననాడు యజమానికి తన సైటుపై పట్టు లేకుండును. పేరును నమోదుచేయు సంస్థయగు రిజిస్ట్రారునకు ఇచ్చు ఈమెయిలు అదే డొమైనుపై నుండరాదు. డొమైను ఆగిన క్షణముననే ఆ ఈమెయిలును ఆగి, హెచ్చరిక యజమానిని చేరకపోవును.

సైటు నివసించు సర్వరును హోస్టింగు సంస్థలు అద్దెకిచ్చును. చిన్న వ్యాపారమునకు పలువురితో పంచుకొను షేర్డ్ హోస్టింగు ఆరంభమున చాలును. రద్దీ పెరిగినపుడు ప్రత్యేక సర్వరునకు మాఱవచ్చును.

చూపరి బ్రౌజరునకును సర్వరునకును నడుమ సాగు సమాచారమును మార్గమధ్యమున ఇతరులు చదువకుండ గుప్తపఱచు పద్ధతిని 1990వ దశకమున నెట్‌స్కేప్ సంస్థ ఎస్‌ఎస్‌ఎల్ అను పేర ప్రవేశపెట్టెను, 1999లో అది టీఎల్‌ఎస్ అయ్యెను, 2018లో 1.3వ కూర్పు వెలువడెను. ఆ యేడే జూలై నుండి క్రోమ్ బ్రౌజరు, ఈ రక్షణలేని సైటులన్నిటిని సురక్షితములు కావని చూపసాగెను. ఈ రక్షణకు వలయు సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరినుండి ఉచితముగా నిచ్చుచున్నది. ఆ సర్టిఫికెట్టునకు గడువు స్వల్పమగుటచే దాని నవీకరణము తనంతట తాను జరుగునట్లు ఏర్పఱుపవలెను. అయితే బ్రౌజరునందలి తాళముగుర్తు సంభాషణ గోప్యమని మాత్రమే తెలుపును; వర్తకుడు నిజాయితీపరుడని తెలుపదు. మోసగాండ్రును ఈ సర్టిఫికెట్టును పొందగలరన్న సంగతి కొనుగోలుదారులకు విస్తృతముగా తెలియవలసియున్నది.

2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేరుతో సైటు కట్టుట సులభమైనను, దానికి తగిలించు ప్లగిన్‌లను అప్‌డేట్ చేయక వదలివేయుట చొఱబాటుదారులకు ద్వారము తెఱచుటయే. వెలగల ప్లగిన్‌లను దొంగప్రతులుగా తెచ్చుకొనుట మఱింత ప్రమాదకరము. వానియందు రహస్యముగా హానికరమైన కోడును చొప్పించుట పరిపాటి. ఒకే పాస్‌వర్డును అందఱును వాడక, ఉద్యోగి కొక్కొక్క ఖాతా నిచ్చి, ఉద్యోగము వీడిననాడే దానిని మూసివేసి, ముఖ్యఖాతాలకు రెండవ అంచె ధ్రువీకరణమును జోడింపవలెను. బ్యాకప్పు అదే సర్వరుపై నున్నచో అది బ్యాకప్పు కాదు. వేఱొకచోట నుంచి, అప్పుడప్పుడు దానినుండి సైటును పునర్నిర్మించి చూచుట అవసరము. సంస్థ పేరిట దొంగ బిల్లులు ఈమెయిలులో పోకుండ అరికట్టుటకు డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను మూడు నమోదులును తోడ్పడును.

కొనుగోలుదారుల కార్డు అంకెలను వర్తకుడు తనవద్ద నిలువయుంచుకొనుటను రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు 1 నుండి నిషేధించినది. కావున చెల్లింపులను పేమెంట్ గేట్‌వేకు అప్పగించుటయే మార్గము. పేర్లు, ఫోను నంబర్లు వంటి వివరముల రక్షణను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వర్తకుని బాధ్యతగా నిర్ణయించినది. చొఱబాటు జరిగినట్లు తెలిసిన 6 గంటలలో ప్రభుత్వ సైబరు భద్రతాసంస్థయగు సెర్ట్-ఇన్‌కు నివేదింపవలెననియు, సర్వరు లాగ్‌లను 180 దినములు భద్రపఱుపవలెననియు 2022 ఏప్రిలులో వెలువడిన ఆదేశములు విధించుచున్నవి. ఆ లాగ్‌ల నిలువను సైటు ఆరంభించిన తొలినాడే సర్వరు వెలుపల ఏర్పఱచుకొనవలెను. ఏలయన చొఱబడినవాడు తన జాడ తెలియకుండుటకై తుడిచివేయ యత్నించునవి అవియే.