చిగుళ్ల వాపుకు కొలమానం దొరికిన కథ

జ్వర తీవ్రతను థర్మామీటరు చెబుతుంది. చిగురు ఎంత వాచిందో చెప్పడానికి అటువంటి సాధనమేదీ ఉండేది కాదు. ఒక వైద్యుడు స్వల్పమన్న వాపును మరొక వైద్యుడు తీవ్రమనవచ్చు. అటువంటప్పుడు ఒక దేశ ప్రజల చిగుళ్లను మరొక దేశ ప్రజల చిగుళ్లతో పోల్చడమెలా? కొలత లేనందువల్లనే పేద దేశాలవారి పళ్లు త్వరగా ఊడిపోవడానికి జాతి లక్షణమనీ, పోషకాహార లోపమనీ ఎవరికి తోచిన కారణం వారు చెప్పగలిగారు.

1956లో అమెరికాకు చెందిన రస్సెల్ ఒక సూచికను ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న చిగురుకు 0. పంటికి ఒక పక్క వాపు ఉంటే 1, చుట్టూ ఉంటే 2. చిగురు పంటిని వదిలి లోతైన సందు ఏర్పడితే ఒక్కసారిగా 6. పన్ను కదిలి నమలడానికి పనికిరాకపోతే 8. (మధ్యలోని 4ను ఎక్స్‌రే ఉన్నప్పుడే వాడేవారు.) 2 నుంచి 6కు దూకడం మీకు వింతగా తోచవచ్చు. కానీ చిగురు వాపు తగ్గుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగితే దానంతట అది తిరిగి రాదు. ఆ తేడాకు అంత విలువ ఇవ్వడం సబబేనని నా అభిప్రాయం.

ఇథియోపియా, ఈక్వడార్, వియత్నాం వంటి దేశాలలో పోషకాహార సర్వేలతో పాటు ఈ సూచికతో నోళ్లను కూడా పరీక్షించారు. ఫలితం చాలామందికి మింగుడుపడనిది. వయసునూ, పళ్లమీది పాచి, గారలనూ లెక్కలోకి తీసుకుంటే దేశాల మధ్య తేడా చాలావరకు మాయమైంది. గ్రీన్ అనే పరిశోధకుడు బొంబాయి ప్రాంతపు బాలురను అట్లాంటా బాలురతో పోల్చి 1960లో ప్రకటించిన అధ్యయనమూ ఇదే దారి చూపింది. మన పిల్లల చిగుళ్ల దుస్థితికి ప్రధాన కారణం పుట్టుక కాదు, పాచి.

1965లో నార్వే దేశీయుడు లోయె, ఆయన సహచరులు దీనికి ప్రత్యక్ష నిదర్శనం చూపారు. డెన్మార్కులో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజులలో అందరికీ చిగుళ్లు వాచాయి. తోమడం మొదలుపెట్టాక ఆ వాపు తగ్గిపోయింది.

అయితే వాచిన చిగుళ్లన్నీ పళ్లను పోగొడతాయా? దీనికోసం లోయె బృందం 1970లో శ్రీలంక తేయాకు తోటలలోని 480 మంది తమిళ కార్మికులను పరీక్షించి, 15 సంవత్సరాలు గమనించింది. వారికి పళ్లు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. పుచ్చుపళ్లు దాదాపు లేవు కాని, చిగుళ్ల వాపు అందరికీ ఉంది. అయినా వ్యాధి వేగంగా ముదిరింది 8 శాతం మందికే. 81 శాతానికి నెమ్మదిగా సాగింది. 11 శాతానికి వాపు దాటి ముందుకు పోలేదు. వేగంగా ముదిరినవారిలో 35 ఏళ్లకే పంటి పట్టు సగటున సుమారు 9 మిల్లీమీటర్లు జారిపోయింది.

చిగుళ్ల వ్యాధిపై పాఠ్యగ్రంథాలను మార్చిన అంకెలివి. ఒక వైద్యుడిగా వీటిని చదివినప్పుడల్లా నాకు మరొకటి కూడా గుర్తుకు వస్తుంది: చికిత్స లేకుంటే వ్యాధి ఎలా సాగుతుందో లోకానికి తెలియడానికి, చికిత్సకు నోచుకోని మనుషులు అవసరమయ్యారు. వారి పళ్లు ఊడుతుండగా లెక్కపెట్టారు. చివరిసారి, 1985లో, పరీక్షకు మిగిలినవారు 161 మంది.

ఆ 8 శాతంలో ఎవరుంటారో చిగుళ్ల ఎర్రదనాన్ని బట్టి ముందుగా చెప్పలేం. ఈనాడు దంతవైద్యులు మీ చిగురు సందులోకి గీతలున్న సన్నని కడ్డీని దించి, పంటి చుట్టూ ఒక్కొక్కచోట మిల్లీమీటర్లు పైకి చదవడం అందుకే.