థెర్సైటీసు

యవనకవి హోమరు పాడిన ఇలియడ్డు రెండవ సర్గలో థెర్సైటీసను భటుఁడొకఁడు కలఁడు. గూనివాఁడు, కుంటివాఁడు, వాని తండ్రిపేరుగాని ఊరిపేరుగాని కవి చెప్పఁడు. ట్రాయి యుద్ధము తొమ్మిదేండ్లు సాగినపిదప వాఁడు నిండుసభలో, కొల్లలో మేలైనదెల్ల అగమెమ్నను రాజు గుడారమునకే చేరుచున్నదనియు, ఇఁక ఇండ్లకు మరలుదమనియుఁ గేకలు వేసెను. ఒడిస్సియసు వాని వీపు నెత్తుటి తట్టు తేలునట్లు రాజదండముతోఁ గొట్టెను. వాఁడు కన్నీరు తుడుచుకొని కూర్చుండెను. తోడిభటులు, తమ మనసులు దుఃఖముతో నిండియున్నను, పకపక నవ్విరి! దెబ్బకంటె ఆ నవ్వే మమ్మెక్కువ బాధించినది. మొదటి సర్గలో అకిలీసును ఈ లోభమునే యెత్తి రాజును ఇంతకంటెఁ గఠినముగా నిందించెను. అతనిపైఁ జేయి యెత్తినవారు లేరు, దేవతాపుత్రుఁడు గదా! ఒడిస్సియసు ఈ భటుని వదరుఁబోతనెనేకాని, వాఁడు చెప్పినది అబద్ధమనలేదు.