క్షయ-మధుమేహాల ఉమ్మడి నెట్‌వర్క్: మెట్‌ఫార్మిన్‌పై చెన్నై సాక్ష్యం

సంక్లిష్ట వ్యాధులకు మందులు వెతికే నెట్‌వర్క్ వైద్యం మీద వస్తున్న రచనల్లో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటిలో చాలావి జన్యువుల జాబితాతో మొదలై ప్రోటీన్ల పటంతో ముగుస్తాయి, రోగి దాకా రావు. క్షయ, మధుమేహం ఒకే ఒంట్లో తిష్ఠ వేసే చెన్నైలో ఈ లోటును చూసీ చూడనట్టు వదిలేయడం కుదరదు.

ఈ ధోరణికి పెద్ద దిక్కు 2015లో సైన్స్ పత్రికలో మెంచె, బరబాసి బృందం ప్రచురించిన వ్యాసం. 13,460 ప్రోటీన్లు, వాటి మధ్య 1,41,296 సంబంధాలు ఉన్న పటం మీద వారు 299 వ్యాధుల స్థానాలు గుర్తించారు. రెండు వ్యాధుల పరిధులు ఒకదాని మీద ఒకటి పడితే అవి కలిసి వచ్చే అవకాశం ఎక్కువని, పడకపోతే వాటి మధ్య పొత్తు కనిపించదని తేల్చారు. సాధ్యమైన సంబంధాల్లో 20 శాతం కూడా పటానికి ఎక్కలేదని వారే ఒప్పుకున్నారు. నా అభ్యంతరం అది కాదు. రేపు ఆ పటం పూర్తయినా రక్తంలోని చక్కెర, కంచంలోని తిండి, ఊపిరితిత్తిలో నక్కిన క్షయ క్రిమి అందులోకి రావు. క్షయను మధుమేహంతో ముడివేసేవి అవే.

ఆ ముడి ఎంత గట్టిదో రాయపురం ఎం.వి. మధుమేహ ఆసుపత్రికి చెందిన విజయ్ విశ్వనాథన్ బృందం 2012లో చూపింది. తమిళనాడులో పరీక్షించిన 827 మంది క్షయ రోగుల్లో 25.3 శాతానికి మధుమేహం, మరో 24.5 శాతానికి దాని ముందు దశ. దాదాపు సగం మంది అన్నమాట. ఇంత బలమైన జంటను ముడివేసే అంశాలు లేని పటాన్ని మందుల ఎంపికకు ఆధారం చేసుకోవడం ఏం న్యాయం?

మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ అనే మందు కథ ఇక్కడే మొదలవుతుంది. భక్షక కణం క్షయ క్రిమిని మింగుతుంది కానీ అరిగించుకోలేదు. క్రిమి ఉన్న సంచి, కణంలో అరిగించే పని చేసే లైసోజోమ్‌తో కలవకుండా క్రిమే అడ్డుపడుతుంది. మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాలో శక్తి ఉత్పత్తిని కొంత తగ్గిస్తుంది, ఆ కొరతకు ఏఎంపీకే అనే ఎంజైమ్ మేల్కొంటుంది, కణం తన లోపలి చెత్తను తానే జీర్ణం చేసుకునే పని ముమ్మరమవుతుంది. ఆ ఊపులో ఆగిపోయిన సంచులు లైసోజోమ్‌కు చేరతాయి. మెట్‌ఫార్మిన్ ఇలా సంచులను లైసోజోమ్‌తో కలుపుతుందని సింఘాల్ బృందం 2014లో చూపింది. మందు క్రిమిని తాకనక్కర్లేదు, కణంలోని దారులను సరిచేస్తే చాలన్నది ఇందులోని ఆలోచన. నెట్‌వర్క్ చికిత్సకు ఇంతకన్నా తేటయిన నమూనా నాకు కనిపించలేదు.

దీన్ని మనుషుల్లో పరీక్షించింది చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. పద్మప్రియదర్శిని బృందం 2022లో ప్రచురించిన ఆ ప్రయోగంలో 322 మంది కొత్త రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మామూలు మందులతో పాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. కఫంలో క్రిములు మాయమయ్యే వ్యవధిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్రిములను త్వరగా తొలగించడంలో మందు ఫలించలేదు, కానీ ప్రయోగం మొత్తం విఫలమైందనడం తొందరపాటు. మెట్‌ఫార్మిన్ వాడిన వారిలో వాపు సూచికలు తగ్గాయి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు త్వరగా తేటపడ్డాయి. రోగి శరీరం మీద పనిచేసే మందును క్రిముల లెక్కతో మాత్రమే ఎందుకు తూచాలి? చికిత్స ముగిశాక మిగిలే ఊపిరితిత్తే రోగి బతుకును నిర్ణయిస్తుంది. 

ఆ ప్రయోగంలో చేరిన వారు మధుమేహం లేనివారన్నది నిజమే. కాబట్టి వచ్చే ప్రయోగం రెండు వ్యాధులూ ఉన్న రోగులతోనే మొదలవ్వాలి. చక్కెర, వాపు సూచికలు, శ్వాస సామర్థ్యం మూడూ కలిపి కొలుస్తూ, మందులు ఆపిన తర్వాత కూడా కనీసం ఏడాది పాటు వారిని వెంబడించాలి. నెట్‌వర్క్ పటాన్ని ఆ కొలతల నుంచి గీయాలి.