క్రిస్మస్: దేశదేశాల ఆచరణల చరిత్ర

యేసుక్రీస్తు జననాన్ని స్మరించుకునే పండుగ క్రిస్మస్. ఎక్కువమంది క్రైస్తవులు దీన్ని డిసెంబరు 25న జరుపుకుంటారు. పండుగకు తేదీని సంఘం నిర్ణయించింది. ఆ రోజున ఏం వండాలి, ఏం పాడాలి, ఎవరి గుమ్మం ముందు నిలబడాలి అన్నవి మాత్రం ఆయా నేలల వాతావరణం, పనుల వేళలు, పాలకుల శాసనాలు తేల్చాయి. అందుకే ఈ పండుగ చరిత్రను గుడి లోపల ఎంత వెతకాలో, వీధిలోనూ వంటింట్లోనూ అంతే వెతకాలి.

యేసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. డిసెంబరు 25ను క్రీస్తు జన్మదినంగా పేర్కొన్న తొలి ఆధారం 354లో రోమ్‌లో కూర్చిన ఒక పంచాంగం. అందులోని ఆ భాగం 336 నాటిదని చరిత్రకారులు భావిస్తారు. తూర్పు ప్రాంతాల సంఘాలు అప్పట్లో జనవరి 6ను పాటించేవి. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ ఆ రోజునే పాటిస్తోంది. 1582లో పోపు 13వ గ్రెగరీ పంచాంగాన్ని సవరించాక మరో తేడా వచ్చిపడింది. పాత జూలియన్ లెక్కను వదలని రష్యా, సెర్బియా, జార్జియా ఆర్థొడాక్స్ సంఘాలకు డిసెంబరు 25 అంటే మన క్యాలెండరులో జనవరి 7. ఈ తేడా యేసు పుట్టిన ఊరిలోనే కళ్లకు కడుతుంది. బేత్లెహేములో కాథలిక్కులు డిసెంబరు 25న, గ్రీకు ఆర్థొడాక్సులు జనవరి 7న పండుగ చేసుకుంటారు. అక్కడి ఆర్మేనియన్లు జనవరి 6ను కూడా పాత లెక్కలోనే పాటిస్తారు కాబట్టి వారి పండుగ జనవరి 19న వస్తుంది. ఒకే ఆలయం ముందు ఒకే శీతకాలంలో మూడు క్రిస్మస్‌లు. యుక్రెయిన్ 2023లో చట్టం చేసి తన ప్రభుత్వ సెలవును జనవరి 7 నుంచి డిసెంబరు 25కు మార్చుకుంది. రష్యాతో యుద్ధం నడుస్తుండగా తీసుకున్న ఆ నిర్ణయంలో పంచాంగం కంటే బాధే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ పండుగను నిషేధించినవారిలో క్రైస్తవులే ముందున్నారు. బైబిల్లో లేని పండుగ మనకెందుకని సంస్కరణవాద ప్రొటెస్టెంట్లైన ప్యూరిటన్లు వాదించారు. ఇంగ్లండు పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబరు 25న కాంటర్‌బరీ మేయరు దుకాణాలు తెరవాలని ఆజ్ఞాపించాడు. జనం తిరగబడి, తెరిచిన దుకాణాలను చిందరవందర చేశారు. 1660లో రాచరికం తిరిగొచ్చాకే పండుగకు మళ్లీ చట్టబద్ధత దక్కింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. స్కాట్లండులో 1958 దాకా ఆ రోజు ప్రభుత్వ సెలవే కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో నిషేధించే వంతు కమ్యూనిస్టు ప్రభుత్వాలకు వచ్చింది. సోవియట్ యూనియన్‌లో క్రిస్మస్ చెట్టును మత చిహ్నంగా ఎంచి తొలగించారు. 1935 చివర్లో పావెల్ పోస్తిషెవ్ అనే నాయకుడు ప్రావ్దా పత్రికకు లేఖ రాశాక అదే చెట్టు నూతన సంవత్సర వృక్షంగా తిరిగొచ్చింది. క్యూబా 1969లో ఈ సెలవును తీసేసింది. పోపు రెండో జాన్ పాల్ పర్యటన దగ్గరపడిన 1997లో మళ్లీ ఇచ్చింది. సెలవు లేని ఆ ఏళ్లలో తలుపులు మూసుకుని ప్రార్థించుకున్న కుటుంబాలు పండుగను నిలిపిన తీరు ఏ శాసనపత్రంలోనూ దొరకదు.

నేడు ప్రపంచమంతా క్రిస్మస్ అనగానే గుర్తొచ్చే హంగుల్లో చాలావరకు జర్మన్ ప్రాంతాలవే. స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్ల లోపల ఫర్ చెట్లు నిలిపి కాగితపు గులాబీలు, యాపిల్ పండ్లు, మిఠాయిలు వేలాడదీసేవారని 1605 నాటి ఒక రాత చెబుతోంది. హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విహెర్న్ 1839లో ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. పండుగ ఇంకెన్నాళ్లని పిల్లలు రోజూ అడుగుతుంటే వాళ్లే లెక్కపెట్టుకునేలా రోజుకొకటి వెలిగించాడు. పండుగకు ముందు వారాల్లో, అంటే ఆగమన కాలంలో, నేడు ఇళ్లలో పెట్టే కొవ్వొత్తుల దండ దాని నుంచే పుట్టింది. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 1848లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అచ్చు వేయడంతో ఇంగ్లండు ఇళ్లలోకీ చెట్టు వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 1843లో, రచయిత చార్లెస్ డికెన్స్ క్రిస్మస్ కథ, హెన్రీ కోల్ అచ్చు వేయించిన శుభాకాంక్షల కార్డు వెలువడ్డాయి. ఇక శాంతా క్లాజ్ మూలపురుషుడు నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరాకు బిషప్పుగా ఉన్న నికొలాస్. డచ్చివారి సింటర్‌క్లాస్‌గా అమెరికా చేరిన ఆయనకు చిత్రకారుడు థామస్ నాస్ట్ 1860లలో బొద్దుగా, గడ్డంతో కొత్త రూపమిచ్చాడు.

పశువుల పాక దృశ్యాన్ని కళ్లముందు నిలిపే ఆచారానికి బాగా పేరు తెచ్చినవాడు అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో గడ్డి నింపిన తొట్టిని, బతికున్న ఎద్దును, గాడిదను ఉంచి ఆయన ఆరాధన జరిపించాడు. చదువురాని పల్లెజనానికి ఆ కథ వినబడితే చాలదు, కనబడాలని ఆయన తపన.

అదే తపన మెక్సికోలో నడిచే నాటకమైంది. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు జరిగే ‘లాస్ పొసాదాస్’లో ఊరివాళ్లు మరియ, యోసేపుల బొమ్మలు పట్టుకుని ఇంటింటికీ వెళతారు. బయటివాళ్లు బస ఇవ్వమని పాడతారు, లోపలివాళ్లు కాదని పాడతారు. వచ్చినవారెవరో గ్రహించాక తలుపు తెరుచుకుంటుంది. పదహారో శతాబ్దంలో స్పానిష్ అగస్టీనియన్ సన్యాసులు ఈ తొమ్మిది రోజుల ఆరాధనను అక్కడ నెలకొల్పారు.

పసిఫిక్‌కు అవతల ఫిలిప్పీన్స్‌నూ స్పెయిన్ మెక్సికో మీదుగానే పాలించేది. ఆ తొమ్మిది రోజులే అక్కడ ‘సింబాంగ్ గాబి’ అయ్యాయి. అయితే పూజ రాత్రి కాదు, కోడికూత వేళ. రైతులు ఎండెక్కకముందే పొలం చేరాలి కనుక గురువులు గంటను చీకట్లోనే కొట్టించారు. దివ్యబలిపూజ ముగిసి బయటికి వస్తే గుడి ముందు బియ్యప్పిండి వంటకాలు వేడివేడిగా అమ్ముతుంటారు. పైన, కింద నిప్పులు పెట్టి అరిటాకులో కాల్చే బిబింకా, వెదురు గొట్టాల్లో ఆవిరికి ఉడికే ఊదారంగు పూతో బుంబోంగ్. కిటికీల్లో వేలాడే ‘పరోల్’ వెదురు బద్దలు, కాగితంతో చేసిన ఐదు కోణాల నక్షత్రం. పంపాంగా రాష్ట్రంలోని సాన్ ఫెర్నాందో పట్టణంలో ఇదే నక్షత్రం రెండంతస్తుల ఇంటంత ఎత్తున, వేల బల్బులతో వెలుగుతుంది. ఒక్కో నక్షత్రానికీ వెనకాల ఇనుప పీపాలుంటాయి. పీపా చుట్టూ టేపు ముక్కలు అంటించి, తీగలకు జడపిన్నులు తగిలించి చేత్తో తిప్పుతారు. టేపు ఉన్నచోట కరెంటు ఆగి, లేనిచోట పారి, పాటకు తగ్గట్టు రంగులు మారుతుంటాయి. కంప్యూటరు లేకుండా చేతి లెక్కతో సాగే ఈ పనితనాన్ని ప్రపంచం ఇంకా తగినంత గుర్తించలేదు.

ఇథియోపియాలో పండుగ పేరు ‘గన్నా’. జనవరి 7న, వారాల తరబడి మాంసం, పాలు ముట్టని ఉపవాసం తర్వాత వస్తుంది. రాతిని తొలిచి కట్టిన పదకొండు ఆలయాల ఊరు లాలిబెలాకు తెల్లని నూలు వస్త్రాలు కట్టుకున్న యాత్రికులు రోజుల తరబడి నడిచి వస్తారు. ఉదయాన మరియ ఆలయం చుట్టూ బండ అంచున కొందరు యాజకులు, కింది ప్రాంగణంలో మరికొందరు నిలబడి, తాళాలు మోగిస్తూ, ఊగుతూ ఒకరికొకరు బదులు పాడతారు. పండుగ పేరే ఉన్న ఆటను కుర్రాళ్లు వంపు కర్రలతో, చెక్క బంతితో మైదానంలో ఆడతారు.

పోలండులో పండుగ ముందురోజు తొలి చుక్క పొడిచేదాకా ఎవరూ భోజనానికి కూర్చోరు. బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరుస్తారు, అనుకోని అతిథి కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు. స్వీడన్‌లో డిసెంబరు 13న సెయింట్ లూసియా వేషం కట్టిన అమ్మాయి తలపై దీపాలతో నడుస్తుంది. ఆస్ట్రేలియాలో ఇది నడివేసవి, భోజనం ఆరుబయటే. క్రైస్తవులు చాలా తక్కువగా ఉన్న జపాన్‌లో 1974 నాటి ఒక వ్యాపార ప్రచారం వల్ల వేయించిన కోడిమాంసం పండుగ తిండి అయింది; దానితోపాటు స్ట్రాబెర్రీ కేకూ ఉంటుంది.

తెలుగునాట డిసెంబరు మొదలుకాగానే ఇంటి ముందు నక్షత్రం వెలుగుతుంది. సంఘాలు, ఆఫీసులు, కాలేజీలు ముందుగానే ‘సెమీ క్రిస్మస్’ జరుపుకుంటాయి. యువకులు రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు. మెదక్ కేథడ్రల్ 1924 డిసెంబరు 25నే ప్రతిష్ఠకు నోచుకుంది. కరవు రోజుల్లో కూలీలకు తిండి దొరకాలని మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనుకుని కట్టించిన ఆలయమిది. దాని రంగుటద్దాల కిటికీల్లో యేసు జననం, సిలువ, ఆరోహణ దృశ్యాలున్నాయి. క్రిస్మస్ నాడు తెల్లవారుజామునే మొదలయ్యే ఆరాధనకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం ముందురోజే చేరుకుంటారు. వారిలో క్రైస్తవేతరులూ పెద్ద సంఖ్యలో ఉంటారు.